తూనీగకు ఎంత బాకీ?

మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ ఉంది. మౌనవ్రతంలో ఉన్న ఆ మునిని దొంగల జతగాడనుకుని రాజభటులు పట్టుకుపోతారు. రాజు కొరత వేయిస్తాడు. ముని చావడు. నిజం తెలిసిన రాజు కాళ్ల మీద పడి, ఆ శూలాన్ని ఊడదీయబోతే రాదు. కోయించగా మొన లోపలే ఉండిపోతుంది. ఆ మొనతోనే తిరిగి ఆయన ఆణిమాండవ్యుడయ్యాడు. తర్వాత యమధర్మరాజు దగ్గరికి పోయి, ఏ పాపానికి ఇంత శిక్ష అని నిలదీస్తే వచ్చిన జవాబు ఇది: చిన్నతనంలో నువ్వు పురుగుల తోకల్లో గడ్డిపరక గుచ్చావు. సంస్కృతంలో ఉన్నది పతంగకాలనే మాట. అంటే ఎగిరే చిన్న పురుగులు. తెలుగులో కథ చెప్పేవాళ్ల నోట అవి తూనీగలయ్యాయి.

మాండవ్యుడు ఆ తీర్పు ఒప్పుకోలేదు. తెలియని వయసులో చేసిన చిన్న పనికి ఇంత పెద్ద శిక్షా అని ధర్ముణ్ణే మనిషిగా పుట్టమని శపించాడు. అట్లా పుట్టినవాడే విదురుడు. పద్నాలుగేళ్లు వచ్చేదాకా చేసింది పాపం కిందికి రాదని ఒక హద్దు కూడా పెట్టాడు. కథ విన్నవాళ్లం మామూలుగా ఇక్కడ ఆగి, శిక్ష మరీ ఎక్కువైందని తల ఊపుతాం. నా ఆలోచన మాత్రం ఆ హద్దు దగ్గరే ఆగిపోతుంది. పద్నాలుగేళ్ల లోపు పాపం లేదన్నాడు సరే, ఆ తర్వాతి ఖాతాను ఆయన కొట్టేయలేదు. పెద్దవాళ్ల చేతిలో తూనీగ పడితే దాని లెక్క ఏమిటన్న ప్రశ్నను అట్లాగే వదిలేశాడు.

తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసే ఆట ఎరగనివారు ఈ పత్రిక చదివేవాళ్లలో తక్కువే ఉంటారు. మా హోసూరులో తమిళ పిల్లలు దాన్ని తట్టాన్ అంటారు, తుంబి అంటారు. కన్నడంలో దుంబి అంటే తుమ్మెద. తూనీగను అక్కడి పిల్లలు ఏరోప్లేన్ చిట్టె అంటారు. షోలాపూరు తెలుగువాళ్లకు పక్కింటి మరాఠీ పిల్లలు దాన్ని చతుర్ అని చూపించి ఉంటారు, బరంపురంలో ఒడియా పిల్లలు కంకి అని ఉంటారు. మనం ఏ పేరు పెట్టి పిలిచినా దానికి తెలియదు. మనం చేసేది దానికి తెలుస్తుందా లేదా అన్నదే ఈ వ్యాసంలో నేను తేల్చుకోవాలనుకున్న సంగతి.

సెలవు రోజుల్లో నేను కెమెరా భుజాన వేసుకుని చెరువుగట్ల మీద తిరుగుతుంటాను. ఊళ్లో రామనాయకన్ చెరువు, ఊరి బయట దక్షిణ పినాకిని మీది కెలవరపల్లి జలాశయం అంచులు నా తిరుగుడు చోట్లు. ఎగిరే తూనీగను ఫోటో తీయడం నా సరదా. వాలిన తూనీగను కాస్త ఓపికుంటే ఎవరైనా తీయవచ్చు. లేచిపోయినా చాలాసార్లు ఆ పుల్ల మీదికే తిరిగొస్తుంది. ఎగిరేదాని సంగతి వేరు. దాని నాలుగు రెక్కలకూ విడివిడిగా కండరాలున్నాయి. ముందు జతను ఒక తీరుగా, వెనక జతను ఇంకో తీరుగా ఆడించగలదు. గాలిలో నిలబడగలదు, ఉన్నచోటనే తిరగగలదు, వెనక్కి కూడా జరగగలదు. రెక్క సెకనుకు ఇంచుమించు 30 సార్లు కొట్టుకుంటుంది. ఆ రెక్క చెదరకుండా బొమ్మలో పడాలంటే షట్టరు సెకనులో 2,000వ వంతు, ఒక్కోసారి 4,000వ వంతు మాత్రమే తెరుచుకోవాలి. అంత కొద్దిసేపట్లో బొమ్మకు చాలినంత వెలుతురు కావాలి కాబట్టి ఎండలోనే పని. దగ్గరి వస్తువు మీద లెన్సు పెట్టినప్పుడు స్పష్టంగా కనిపించే లోతు వేలి మందం కూడా ఉండదు. కన్ను కుదిరితే తోక మసక, తోక కుదిరితే కన్ను మసక. వంద తీసి ఒకటి నిలిస్తే ఆ రోజు పండగే.

ఈ పనికి ఉన్న కిటుకు ఒక్కటే. నీటి అంచున మగ తూనీగ కొన్ని గజాల మేర తనదనుకుని గస్తీ తిరుగుతుంది. అరగంట కదలకుండా చూస్తే దాని దారి మనకు తెలిసిపోతుంది. ఈ జమ్ము దుబ్బు దగ్గర మలుపు తిరుగుతుంది, ఆ రాయి పైన ఒక్క క్షణం నిలుస్తుంది. నిలిచే చోటికి ముందే ఫోకసు బిగించి కూర్చోవాలి. వెంటపడితే దొరకదు. రమ్మంటే రాదు. దాని పని మీద అది వచ్చినప్పుడు మనం సిద్ధంగా ఉన్నామా లేదా అన్నదే లెక్క. ఇన్నేళ్లలో ఈ సరదా నాకు నేర్పినది అంతే. అవతలివాడి వేళకు మనం హాజరు కావడం. కౌంటరు అవతల జనాన్ని మన వేళకు నిలబెట్టే ఉద్యోగం చేసినవాడికి అది కొత్త పాఠమే.

అయితే దగ్గరి దారి ఒకటి ఉంది. తూనీగ ఒంటి వేడి బయటి వేడిని బట్టి మారుతుంది. చల్లబడితే దాని కండరాలు పనిచేయవు. వలతో పట్టి, డబ్బాలో వేసి, కాసేపు ఫ్రిజ్‌లో ఉంచితే బొమ్మలాగా పడి ఉంటుంది. తీసి కావలసిన పుల్ల మీద పెట్టుకోవచ్చు, వెనకాల కావలసిన రంగు తెర కట్టుకోవచ్చు, దీపాలు సర్దుకోవచ్చు. వేడెక్కేకొద్దీ రెక్కలు వణికించి, చటుక్కున లేస్తుంది. ఎక్కడి నుంచి ఏ క్షణాన లేస్తుందో తెలుసు కాబట్టి లేచే బొమ్మ దొరికిపోతుంది. నెలలు ఎండలో నిలబడినా రానిది ఒక పూటలో వస్తుంది.

మా మేనల్లుడు అట్లా ఒక బొమ్మ తీశాడు. హోసూరులోనే ఫ్యాక్టరీలో ఇంజనీరు, నా దగ్గరే కెమెరా పట్టడం నేర్చుకున్నవాడు. ఆ బొమ్మ చాలా బాగుంది. ఎర్ర తూనీగ, నాలుగు రెక్కల ఈనెలూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, కాళ్లు అప్పుడే పుల్లను వదులుతున్నాయి. దాన్ని ఒక పోటీకి పంపాలనుకున్నాడు. దరఖాస్తులో ఒక హామీ ఉంది, సహజమైన చోట స్వేచ్ఛగా తిరుగుతున్న జీవిని తీసిన బొమ్మ ఇది, దానికి ఏ హానీ చేయలేదు అని. కింద సంతకం చేయాలి. నాకు చూపించి, ఈ మాటలకు తన బొమ్మ సరిపోతుందా లేదా చెప్పమన్నాడు. సంతకాల విలువ మామకు తెలుసునని వాడి నమ్మకం.

"స్వేచ్ఛగా తిరుగుతున్న అన్న మాట దగ్గర చిక్కుంది కదప్పా" అన్నాను.

"తీసే క్షణాన స్వేచ్ఛగానే ఉంది మామా. ఎగిరిపోయింది కూడా. చావలేదు, రెక్క విరగలేదు. దానికి నష్టమేముంది?"

"నష్టం లేదని నీకెట్లా తెలుసు?"

"ఉందని నీకెట్లా తెలుసు?"

ఆ మాటకు నా దగ్గర అప్పటికప్పుడు జవాబు లేదు. వాడు అక్కడితో ఆగలేదు. వానాకాలం సాయంత్రం కృష్ణగిరి రోడ్డు మీద కారు అద్దానికి తగిలి ఎన్ని తూనీగలు చస్తున్నాయో చూశావా అన్నాడు. దోమల బ్యాటు ఇంట్లో లేదా అన్నాడు. బెంగళూరు మురుగంతా దిగి కెలవరపల్లి నీళ్ల మీద తెల్లటి నురగ కొండల్లాగా తేలినప్పుడు, ఆ నీళ్లలో పెరగాల్సిన తూనీగ పిల్లలు ఎన్ని పోయాయో ఎవరు లెక్కపెట్టారని అడిగాడు. తూనీగ మాత్రం దయగలదా, వేటాడిన పురుగుల్లో నూటికి తొంభైకి పైగా గాలిలోనే పట్టి బతికుండగానే నమిలేస్తుంది కదా అన్నాడు. చివరగా పుస్తకాల మాట ఎత్తాడు. ఎఫ్.సి. ఫ్రేజర్ అనే సైనిక వైద్యుడు ఈ దేశపు తూనీగల మీద 1933, 1934, 1936ల్లో మూడు సంపుటాలు రాశాడు. మన దేశంలో ఉన్న దాదాపు 500 జాతుల్లో చాలావాటిని ఇవాళ మనం గుర్తుపట్టగలుగుతున్నామంటే ఆ పునాది మీదే. ఆయన తూనీగలను పట్టి చంపి, సూదులకు గుచ్చి పెట్టెల్లో దాచి రాశాడు. "ఆయన చంపితే శాస్త్రం, నేను కాసేపు చల్లబరిస్తే తప్పా?" అని ముగించాడు.

ఇవి కొట్టిపారేయదగ్గ మాటలు కావు. చాలా రోజులు నా బుర్రలో తిరిగాయి. కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి చివరికి వాటిని నాకు తెలిసిన భాషలోకే మార్చుకుని చూశాను.

మన దేశపు ఛార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1979లో మొదటి అకౌంటింగ్ స్టాండర్డు తెచ్చింది. లెక్కల విధానాలు ఎంచుకునేటప్పుడు చూసుకోవలసినవి మూడని అందులో ఉంది. అందులో రెండు మనకిక్కడ పనికొస్తాయి. ఒకటి మెటీరియాలిటీ. చూసేవాడి నిర్ణయాన్ని మార్చలేనంత చిన్న మొత్తాన్ని పట్టుకుని వేలాడనక్కర్లేదని దాని భావం. గుండుసూదుల పెట్టెను ఆస్తుల పట్టికలో ఎవరూ చూపించరు. రెండోది ప్రూడెన్స్. చేతికి రాని లాభాన్ని లెక్కలో చూపించవద్దు, వచ్చే అవకాశమున్న నష్టానికి మాత్రం ఇప్పుడే ఏర్పాటు చేసుకో అని దాని భావం. తెలుగు కామర్స్ పుస్తకాల్లో సంశయాత్మక బాకీల ఏర్పాటు అంటారే, అది ఈ సూత్రం పెట్టిన బిడ్డే. బాకీ వస్తుందో రాదో తెలియదు. తెలియదు కాబట్టే కొంత పక్కన పెడతాం.

మా వాడి వాదనలన్నీ మెటీరియాలిటీ వాదనలు. ఒక పురుగు, ఒక గంట, ఎంత చిన్న మొత్తం! కారు అద్దం లెక్కలో, నురగ లెక్కలో అది ఎక్కడ కనిపిస్తుంది! మాండవ్యుడు యముడితో వాదించింది కూడా ఒక రకంగా ఇదే. చిన్నదాన్ని పెద్దగా చూపావని.

కాని మొత్తం చిన్నదని ఎవరి పుస్తకం చూసి అంటున్నాం? మెటీరియాలిటీకి కొలత సంస్థ పరిమాణం. పెద్ద బ్యాంకుకు లెక్కలోకి రాని వెయ్యి రూపాయలు తోపుడు బండి మీద కూరలమ్మే ఆమెకు వారం పెట్టుబడి కావచ్చు. తూనీగ నీళ్లలో పిల్లగా నెలలో, కొన్ని జాతుల్లో ఏళ్లో గడిపినా, రెక్కలొచ్చాక బతికేది వారాల లెక్క. 40 రోజులనుకుందాం. అంటే 960 గంటలు. అందులో ఒక గంట ఫ్రిజ్‌లో పోయిందంటే, 70 ఏళ్లు బతికే మనిషికి అది 26 రోజుల పైమాట. ఎవరో మనను 26 రోజులు చీకటి గదిలో పెట్టి, తర్వాత వదిలేసి, చావలేదు కదా, కాలూచేయీ బాగానే ఉన్నాయి కదా అంటే మనం ఆ మొత్తాన్ని చిన్నదంటామా?

ఇంకొక సంగతి. వానలు పడ్డాక మైదానాల మీద గుంపులుగా తిరిగే పసుపు తూనీగ ఉంది, పాంటాలా ఫ్లావెసెన్స్ దాని శాస్త్రీయ నామం. మాల్దీవుల్లో ఉండే జీవశాస్త్రజ్ఞుడు చార్లెస్ ఆండర్సన్, అక్కడ ఏటా అక్టోబరులో వేల కొద్దీ తూనీగలు దిగడం గమనించాడు. ఆ దీవుల్లో వాటికి పుట్టిపెరిగే మంచినీటి చెరువులు లేనట్టే. అవి మన దేశం నుంచి సముద్రం మీదుగా వచ్చి, అటు నుంచి తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని 2009లో ఆయన ప్రకటించాడు. బడి మైదానంలో గిరికీలు కొడుతున్న తూనీగ ఏ ప్రయాణం మధ్యలో ఉందో చూసేవాడికి తెలియదు. గాలి వాటంగా వీచే ఆ పూటే మనం దాన్ని డబ్బాలో పెట్టామో ఏమో. దాని గంటకు దాని పుస్తకంలో ఉన్న ధర మనకు కనిపించదు.

ఇక అసలు చిక్కు. గంట పోయిందన్న బాధ దానికి ఉంటుందా? మనిషికైతే చీకటి గది బాధ. పురుగుకు అది ఏమీ కాకపోవచ్చు. మా వాడి ప్రశ్నలో బలం ఇక్కడే ఉంది, ఉందని నీకెట్లా తెలుసు అన్నదాంట్లో. నిజమే, తెలియదు. తెలిసిన కొన్ని సంగతులు మాత్రం చెబుతాను. అమెరికాలో జనీలియా పరిశోధనా కేంద్రంలో తూనీగల వేటను కొలిచి 2015లో ప్రకటించారు. పురుగు ఎటు పోతే అటు తిరగడం వరకే అది చేయదట. పురుగు ఎటు పోబోతోందో, తన ఒళ్లు ఎట్లా తిరగబోతోందో ముందే అంచనా కట్టుకుని ఎగురుతుందని తేలింది. 2022లో లండన్‌లో లార్స్ చిట్కా బృందం, తిండి ఆశ ఏమీ లేకపోయినా తుమ్మెద జాతి ఈగలు చిన్న బంతులను పదే పదే దొర్లించడం చూసి, దాన్ని ఆట అనవచ్చునేమోనని రాసింది. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో కొందరు శాస్త్రజ్ఞులు, తత్వవేత్తలు కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. పురుగులతో సహా వెన్నెముక లేని అనేక జీవులకు అనుభవమనేది ఉండే అవకాశం నిజంగానే ఉందని, అవకాశం ఉన్నప్పుడు దాన్ని పట్టించుకోకపోవడం బాధ్యత కాదని అందులో ఉంది. మన దేశంలో 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం కూడా జంతువంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా అని నిర్వచించింది. పురుగును బయట పెట్టలేదు.

వీటిలో ఏదీ తూనీగకు బాధ ఉందని రుజువు చేయదు. ఉండవచ్చునని మాత్రం చెబుతుంది. సరిగ్గా ఇట్లాంటి బాకీకే మేము సంశయాత్మకమని పేరు పెట్టాం. నేను బ్యాంకులో చేరిన రోజుల్లో, 1991లో నరసింహం కమిటీ నివేదిక వచ్చింది. అంతకుముందు వసూలు కాని వడ్డీని కూడా ఆదాయంగా రాసుకుని లాభం చూపించే అలవాటు ఉండేది. 1992-93 నుంచి ఆ అలవాటుకు అడ్డుకట్ట పడింది. రాని వడ్డీని లాభమనకూడదు, అనుమానమున్న అప్పుకు సొమ్ము పక్కన పెట్టాలి. ఆ తర్వాతి కాలంలో సక్రమంగా కడుతున్న అప్పుల మీద కూడా, చాలా రకాలకు నూటికి 40 పైసల చొప్పున పక్కన పెట్టాలన్న నియమం వచ్చింది. మొదట్లో పెద్దలకు అది చాదస్తంగా తోచింది. మంచి ఖాతాదారుణ్ణి అనుమానించడమేమిటని. అది ఖాతాదారు మీద అనుమానం కాదని తర్వాత అర్థమైంది. మనకు తెలిసినదెంతో తెలియనిదెంతో మన పుస్తకంలో ఉన్నదున్నట్టు చూపించడం అది.

తూనీగ విషయంలో నేను అడిగేది ఆ 40 పైసలే. దానికి బాధ ఉందని తీర్మానించి పూజ చేయమనను. లేదని తీర్మానించి లాభం రాసుకోవద్దంటాను. ఉండవచ్చునన్న దానికి తగ్గ ఏర్పాటు ఒకటి చేసుకోమంటాను. ఆ ఏర్పాటు మనకు పెట్టే ఖర్చు కూడా చూడండి. ఫ్రిజ్ మానేస్తే పోయేది ఒక బొమ్మ, లేదా ఆ బొమ్మ కోసం ఇంకొన్ని ఆదివారాలు. కదలని తూనీగే కావాలంటే ప్రకృతే ఇస్తుంది. చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద మంచు బిందువులతో అది కదలకుండా ఉంటుంది. మనం లేచి పోవాలి, అంతే. అవతల పోయేదేమో బహుశా ఒక బతుకులో 26 రోజులంత. ఇంత తక్కువ ఖర్చుతో అంత పెద్ద సంశయానికి ఏర్పాటు చేయగలిగినప్పుడు చేయకపోవడాన్ని ఏ ఆడిటరూ సమర్థించడు.

ఈ కొలతతో చూస్తే మా వాడి మిగతా ప్రశ్నలకూ దారి దొరుకుతుంది. కారు అద్దానికి తగిలి చచ్చిన తూనీగ నా ప్రయాణానికి పనికొచ్చింది కాదు. అది లేకుండా పోగలిగితే నేను ఇంకా సంతోషంగా పోతాను. ఫ్రిజ్‌లోని తూనీగ లేకపోతే ఆ బొమ్మే లేదు. ఒకటి ప్రయాణంలో జరిగిన నష్టం, రెండోది పెట్టుబడిగా వాడుకున్న ప్రాణం. నష్టమే కాబట్టి దాన్ని వదిలేయమనడం లేదు, సాయంత్రం పూట కాస్త నెమ్మదిగా నడపడం కూడా ఒక ఏర్పాటే. దోమల బ్యాటు మన ఒంటిని కాచుకోవడానికి. బొమ్మ లేకపోతే ఎవరికీ జ్వరం రాదు. తూనీగ దయలేని వేటగాడన్నది నిజమే. దానికి పుస్తకం లేదు, మనకుంది. ఫ్రేజరు చంపినవాటి ఖర్చు పెద్దదే. దానికి ఎదురుగా ఆయన పుస్తకంలో జమ కూడా ఉంది. వాటి జాతులకు పేర్లు, తావులు, గుర్తులు తెలిశాయి, ఇవాళ వాటిని కాపాడాలనుకునేవాళ్లకు అదే ఆధారం. ఆయన చేసింది దాచలేదు. అందమైన బొమ్మ కోసం చల్లబరిచినవాడు జమ వైపు ఏం రాస్తాడో చెప్పాలి. నురగ సంగతి వేరు. పెద్ద ఎగవేతదారును వదిలేసి చిన్నవాడి గొర్రెను జప్తు చేయడం ఎంత అన్యాయమో బ్యాంకు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ అన్యాయానికి మందు పెద్ద బాకీ వసూలు చేయడం. చిన్న బాకీలన్నీ లేవనడం దానికి మందు కాదు.

ఎగిరే బొమ్మకు ఇంకో లెక్క కూడా ఉంది. ఓచరు లేని పద్దుకు విలువ లేదు. ఓచరు ఉండి అది తప్పు చెబితే మరీ అన్యాయం. చెరువు మీద తీసిన బొమ్మ ఒక ఓచరు లాంటిది. ఈ రోజు, ఈ నీళ్ల మీద, ఈ ప్రాణి తన పని మీద ఇట్లా ఎగిరింది అని చెబుతుంది. చల్లబడి లేచిన తూనీగ తన పని మీద లేవలేదు, తప్పించుకోవడానికి లేచింది. చూసేవాడికి ఆ తేడా తెలియదు, కాబట్టే తీసినవాడి మాట మీద ఆధారపడతాడు. స్టీఫెన్ డాల్టన్ అనే ఇంగ్లండు ఫోటోగ్రాఫరు 1970ల్లో పురుగులను పట్టుకొచ్చి, గదిలో గొట్టంలాంటి దారిలో వదిలి, అవి కాంతి రేఖను దాటగానే సెకనులో 25,000వ వంతు మెరుపుతో తీశాడు. 1975లో వచ్చిన ఆ పుస్తకం పురుగుల ఎగురుడును లోకానికి చూపించింది. అవి బందీగా ఉన్నప్పటి బొమ్మలే. కాని ఎట్లా తీశాడో ఆయనే వివరంగా చెప్పాడు. ఇవాళ తూనీగే అక్కర్లేకుండా తూనీగ బొమ్మను యంత్రం పుట్టిస్తుంది, రెక్క ఈనెలతో సహా. అందంలో దానితో మనం పోటీపడలేం. ఇక ఎండలో నిలబడి తీసిన బొమ్మకు మిగిలిన విలువ అది చెప్పే నిజం ఒక్కటే. దాన్నీ పోగొట్టుకుంటే కెమెరా మోయడం దండగ.

మా వాడికి ఇదంతా ఒక్కరోజు చెప్పింది కాదు, చాలా రోజుల సంభాషణ. చివరికి నేనడిగింది ఒక్కటే. బొమ్మ పంపు, హామీ కింద మాత్రం ఒక వాక్యం చేర్చు, పట్టి ఫ్రిజ్‌లో చల్లబరిచి, లేచేటప్పుడు తీశానని. "హాని లేదని నీ నమ్మకమైతే ఆ వాక్యం రాయడానికి భయమెందుకు?" అన్నాను. వాడు కాసేపు ఊరుకుని, "అది రాస్తే బొమ్మను ఎవరూ చూడరు మామా, ఆ వాక్యాన్నే చూస్తారు" అన్నాడు. పంపలేదు. నా లెక్క ఒప్పుకుని మానుకున్నాడని నేననుకోను. ఆ వాక్యం రాయడం ఇష్టం లేక మానుకున్నాడు. కొన్నాళ్లు మా ఇంటికి రావడం కూడా తగ్గించాడు. అయినా రాయడానికి చేయి రాని వాక్యం మన పనిలో ఉందంటే, ఆ పనికి ఎక్కడో బాకీ ఉందన్నమాట. అది వాడికీ తెలుసుననే నా నమ్మకం.

ఒక జాగ్రత్త మాత్రం యముడి కథ నుంచే తీసుకోవాలి. చిన్న తప్పుకు కొరత వేసిన న్యాయం తానే శాపం పాలైంది. గట్టు మీద దారం పట్టుకుని తూనీగ వెనక పరిగెత్తే పిల్లవాడి మీద విరుచుకుపడితే వాడికి తూనీగ కూడా అక్కర్లేకుండా పోతుంది. అట్లాంటి పిల్లలు కనిపిస్తే నేను కెమెరా వెనక తెరలో తూనీగ కన్ను పెద్దది చేసి చూపిస్తాను. వేల చిన్న కళ్లు కలిసి ఒక కన్నయిన తీరు చూశాక వాళ్లలో కొందరు దారం విప్పుతారు, కొందరు విప్పరు. పద్నాలుగేళ్ల హద్దు వాళ్లకుంది. మనకు లేదు.

ఇక నా పుస్తకంలో ఏర్పాటు కింద రాసుకున్నవి ఇవి. పట్టను, చల్లబరచను, అతికించను. తెల్లవారుజామున నీళ్లలోంచి వచ్చి జమ్ము కాడ మీద పొర విడుస్తున్న కొత్త తూనీగ జోలికి పోను, అప్పుడు దాని రెక్కలు తడి కాగితంలాగా ఉంటాయి, వేలు తగిలితే ఇక ఎగరదు. ఆడ తూనీగ గుడ్లు పెట్టే నాచులోకి బొమ్మ కోసం దిగను. గస్తీ తిరిగేదాన్ని తరమను. మబ్బు పట్టి అది గస్తీ మానితే కెమెరా సర్దుకుని ఇంటికొస్తాను. ఏ బొమ్మ ఎట్లా తీశానో వెనకాల రాసిపెడతాను.

ఇందువల్ల నా బొమ్మలు తక్కువ. అందులో మంచివి ఇంకా తక్కువ. తూనీగ ఎన్నడూ వచ్చి బాకీ అడగదు, అడగలేదు. నిలదీసే అప్పులవాడి ఖాతాను ఎవరైనా సరిచూసుకుంటారు. అడగలేనివాడి ఖాతాలో రాసుకున్నదే మన లెక్కల నిజాయితీని చెబుతుంది.